స్టాఫ్‌కి కంపెనీ సైకిల్ అడ్వాన్స్: మీ ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది గాజువాక ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ యూనిట్. నేను హాజరు, జీతాలు చూస్తాను. మా దగ్గర పనిచేసేవాళ్లు ఎక్కువమంది కూర్మన్నపాలెం, పెదగంట్యాడ, మింది, శ్రీహరిపురం వైపు నుంచే వస్తారు, కొందరు బళ్ల మీద, మిగతావాళ్లు షేర్ ఆటోల్లో. పెట్రోలు పెట్టలేకపోతున్నాం మేడమ్, సైకిల్ కొనుక్కుంటాం, కంపెనీ ఏమైనా చూస్తుందా అని కొంతమంది అడుగుతున్నారు. మా ఓనరు గారికి చెప్తే ఆయన బాగుంది అన్నారు గానీ వాళ్లబ్బాయి లండన్‌లో ఉంటాడు, అక్కడ కంపెనీ ద్వారా సైకిల్ తీసుకుంటే టాక్స్ కలిసొస్తుందట, అదే పద్ధతి మనమూ పెడదాం, ఒకేసారి హోల్‌సేల్‌గా సైకిళ్లు కొని అందరికీ ఇచ్చేద్దాం అంటున్నారు. ఇది అవుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ముందు మీ ఓనరు గారికి నా తరఫున థ్యాంక్స్ చెప్పండమ్మా, పనివాళ్లు అడగ్గానే బాగుంది అన్నవాళ్లు దొరకడం చిన్న విషయం కాదు. అయితే ఆయన చెప్పిన రెండు ఆలోచనలూ, అంటే లండన్ పద్ధతీ, హోల్‌సేల్‌గా కొనడమూ, రెండూ వద్దనే చెప్తాను, ఎందుకో వివరంగా చూడండి.

బ్రిటన్‌లో ఉన్నది 1999లో చట్టంలో పెట్టిన పన్ను మినహాయింపు. అక్కడ కంపెనీ సైకిల్ కొని ఉద్యోగికి అద్దెకిచ్చినట్టు రాసుకుంటుంది, ఆ అద్దెని పన్ను వెయ్యకముందే జీతంలోంచి తగ్గిస్తుంది, దాంతో ఉద్యోగికి అంత మేర పన్ను మిగులుతుంది, అద్దె గడువు అయ్యాక కొద్దిగా కట్టి సైకిల్ సొంతం చేసుకుంటాడు. సైకిల్ వాడకంలో సగానికి పైగా ఇంటికీ పనికీ మధ్యే ఉండాలని షరతు కూడా ఉంది. అంటే ఆ స్కీమ్ మొత్తం పన్ను మిగలడం మీదే నిలబడింది. మన చట్టంలో సైకిల్‌కి అలాంటి మినహాయింపు లేదు. ఉన్నా మీ వెల్డర్‌కీ, ఫిట్టర్‌కీ, హెల్పర్‌కీ ఉపయోగం ఏముంది చెప్పండి, 2025-26 నుంచి కొత్త పన్ను పద్ధతిలో జీతం మీద బతికేవాళ్లకి స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి ఏడాదికి 12,75,000 దాకా పన్నే పడదు. వాళ్లకి మిగలడానికి పన్నే లేనప్పుడు ఆ పద్ధతి తెచ్చి ఏం చేస్తాం.

పైగా ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. లండన్‌లోలా చేద్దామని జీతాన్నే తగ్గించి రాస్తే మన దగ్గర బేసిక్ తగ్గుతుంది, బేసిక్ తగ్గితే పీఎఫ్ తగ్గుతుంది, రేపు గ్రాట్యుటీ లెక్క తగ్గుతుంది, కనీస వేతనం కిందకి పోతే అది వేరే కేసు. తొమ్మిది వేల సైకిల్ కోసం మనిషి రిటైర్‌మెంట్ డబ్బులు కోసినట్టవుతుంది. కాబట్టి జీతం జీతంలాగే పూర్తిగా రాయండి, స్లిప్పులో కోతల వరసలో 'సైకిల్ అడ్వాన్స్' అని వేరే లైను పెట్టండి, అంతే.

మీవాళ్లకి నిజంగా లేనిది ఏంటంటే ఒక్కసారిగా తియ్యడానికి ఎనిమిది, పది వేలు. నెలనెలా తొమ్మిదొందలు కట్టమంటే కడతారు, ఇప్పుడు కడుతూనే ఉన్నారు పెట్రోల్ బంకులో. లెక్క వేసి చూడండి, ఇంటి నుంచి ఎనిమిది కిలోమీటర్లనుకుంటే పోనూ రానూ రోజుకి పదహారు, నెలకి 26 డ్యూటీలు, మొత్తం 416 కిలోమీటర్లు, బండి లీటరుకి 45 ఇస్తే తొమ్మిది లీటర్ల పైన, లీటరు నూరు దాటేసింది కాబట్టి దగ్గర దగ్గర వెయ్యి రూపాయలు, ఇంకా ఆయిలు, సర్వీసింగు, ఇన్సూరెన్సు అందులో లేవు. తొమ్మిది వేల సైకిల్‌కి పది నెలల వాయిదా వేస్తే నెలకి 900. అంటే బంకులో పోసేదే వాయిదాగా వస్తుంది, పదకొండో నెల నుంచి ఆ డబ్బు ఇంట్లో ఉంటుంది. షేర్ ఆటోవాళ్లకి కూడా వాళ్ల చార్జీతో ఇలాగే లెక్క వేసి కాగితం మీద చూపించండి, ఊరికే చెప్తే నమ్మరు.

కంపెనీ చెయ్యాల్సింది ఆ మొత్తాన్ని వడ్డీ లేకుండా ముందు పెట్టడం. ఇది మనకి కొత్తేం కాదు, పాతతరం గవర్నమెంటు ఉద్యోగుల్ని అడగండి, సైకిల్ అడ్వాన్స్ అంటే అందరికీ తెలుసు, సెంట్రల్ గవర్నమెంటులో 7వ వేతన సంఘం చెప్పాక 2016లో ఆపేసేదాకా నడిచింది. అప్లికేషన్ పెట్టుకోవడం, డబ్బు రావడం, సైకిల్ కొని బిల్లు చూపించడం, జీతంలో కోసుకోవడం. మీరూ అదే పద్ధతి పెట్టండి.

పన్ను సంగతి కూడా అడుగుతారు మీ ఆడిటర్ గారు. కంపెనీ ఇచ్చే వడ్డీ లేని అప్పులన్నీ కలిపి ఒక హద్దు దాటకపోతే ఉద్యోగికి దాని మీద పన్ను లెక్క రాదు, 2025-26లో ఆ హద్దు 20,000. 'అన్నీ కలిపి' అన్నది గుర్తుంచుకోండి, పండగ అడ్వాన్స్ బాకీ ఉన్నవాళ్లకి అదీ ఇదీ కలిపి చూడాలి. కోతల విషయంలో కూడా చట్టం ఉంది, అడ్వాన్స్ కోసుకోవచ్చు గానీ పీఎఫ్, ఈఎస్ఐ, మిగతావన్నీ కలిపి ఒక నెల కోత జీతంలో సగం దాటకూడదు. సగం దాకా వెళ్లే పరిస్థితి మీరే రానివ్వకండి, ఒకరికి ఇప్పటికే చాలా కోతలుంటే వాయిదా పది నెలలు కాదు పదిహేను నెలలు చెయ్యండి.

ఇప్పుడు హోల్‌సేల్ సంగతి. నాకు అన్నిటికన్నా భయం వేసేది దీనికే. యాభై సైకిళ్లు ఒకే మోడల్, ఒకే సైజు, ఒకే రంగు, గేటు దగ్గర వరసగా పెట్టి ఫొటో తీసుకోవడానికి బాగుంటాయి. ఆరడుగుల మనిషీ ఐదడుగుల మనిషీ ఒకే ఫ్రేమ్ మీద ఎలా కూర్చుంటారు? పొట్టివాళ్లకి కాలు అందదు, పొడుగువాళ్లకి పదిహేను రోజులకే మోకాళ్లు పట్టేస్తాయి. ఒకాయన చీర కట్టుకున్న భార్యని వెనక కూర్చోబెట్టుకుని రైతుబజారుకి వెళ్లాలి, ఆయనకి గట్టి కేరియరూ, చక్రానికి చీర కొంగు చిక్కకుండా గార్డూ కావాలి. ఇంకో కుర్రాడికి గేర్లు కావాలి. ఆడవాళ్లకి మధ్యలో అడ్డ రాడ్డు లేనిది కావాలి. ఎవరికి నప్పింది వాళ్లే షాపుకెళ్లి ఎక్కి తొక్కి చూసుకుని తీసుకోవాలి, లేకపోతే మూడో నెలకి సగం సైకిళ్లు ఇంటి వెనకాల గోడకి ఆనించి ఉంటాయి, కోత మాత్రం జీతంలో పడుతూ ఉంటుంది, దాంతో స్కీమ్ మీద మనసు విరిగిపోతుంది. చెప్పులు ఎవరి కాలుకి వాళ్లే కొలిచి కొనుక్కుంటారు కదా, ఇదీ అంతే.

సైకిల్ కంపెనీ పేరు మీద కొంటే ఇంకో తలనొప్పి. అది కంపెనీ ఆస్తి అవుతుంది, రిజిస్టర్‌లో రాయాలి, తరుగు వెయ్యాలి, తర్వాత మనిషి పేరుకి మార్చేటప్పుడు విలువ కట్టాలి, మానేసినవాడి దగ్గర నుంచి పాత సైకిల్ వెనక్కి తీసుకుని మీరేం చేసుకుంటారు. బిల్లు మొదటిరోజే మనిషి పేరు మీద ఉండాలి. తన పేరున్న సైకిల్‌ని మనిషి చూసుకునే తీరు వేరు, నేను జీతాల లెక్కలు చూసినన్నాళ్లూ గమనించింది ఇదే.

హోల్‌సేల్ లాభం వదులుకోమని కాదు. ఊళ్లో రెండు మూడు షాపులతో మాట్లాడండి, మా నుంచి ఇంతమంది వస్తారు, ఎంత తగ్గిస్తారు, మొదటి ఏడాది సర్వీసింగ్ ఫ్రీగా చేస్తారా అని. ధర కన్నా సర్వీసింగ్ మీదే బేరం ఆడండి, నా మాట వినండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, ఆ తగ్గింది కొటేషన్‌లో కనిపిస్తోందో లేదో చూడండి. డబ్బు మాత్రం షాపు ఖాతాకే పంపండి, బిల్లు కాపీ, ఫ్రేమ్ నంబరు మీ ఫైల్లో పెట్టుకోండి. ఆ నంబరు సాధారణంగా పెడల్ ఇరుసు కింద, సైకిల్‌ని తలకిందులుగా పెడితే కనిపిస్తుంది, పోయినప్పుడు పోలీస్ కంప్లయింట్‌లో రాయడానికి అదే ఆధారం.

కంపెనీ తన వంతుగా ఏదైనా ఇవ్వాలనుకుంటే డబ్బు రూపంలో వద్దు, హెల్మెట్, మంచి తాళం, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు కొనివ్వండి. వస్తువుగా ఏడాదికి 5,000 లోపు ఇచ్చే కానుకకి పన్ను ఉండదు. సైకిల్ కొన్నవాళ్లు వీటి దగ్గరే పొదుపు చేస్తారు, మన నేషనల్ హైవే మీద లారీల మధ్య రావాల్సినవాళ్లు అక్కడ పొదుపు చెయ్యకూడదు.

ఒప్పందం ఒక్క పేజీ చాలు, తెలుగులోనే రాయండి. ఎంత అడ్వాన్స్, ఎన్ని వాయిదాలు, ఏ నెల నుంచి, మధ్యలో మానేస్తే మిగిలింది ఆఖరి జీతంలో కోస్తాం అది చాలకపోతే ఇలా కడతాడు అని, జబ్బు చేసి జీతం రాని నెల కోత ఉండదు అని, సైకిల్ పోతే ఏంటి అని. ఆ పోయినప్పటి సంగతి చాలామంది రాయరు, తర్వాత గొడవలు. నా అభిప్రాయం అడిగితే, కంపెనీ ఆవరణలో పోతే మిగిలిన వాయిదాలు కంపెనీ వదిలెయ్యాలి, బయట పోతే మనిషిది. పీఎఫ్ జోలికీ గ్రాట్యుటీ జోలికీ వెళ్లే మాట అందులో ఉండకూడదు. సంతకం పెట్టించుకునే ముందు చదివి వినిపించండి.

ఇంకొకటి, సైకిళ్లు రాకముందే షెడ్డు వెయ్యండి. ఇది విశాఖ, ఉప్పుగాలి ఊరు. ఎండలో వానలో బయట నిలబెడితే చెయిను ఎర్రబడిపోద్ది, స్పోకులు రిమ్ముకి బిగిసే నిప్పుల్స్ దగ్గర తుప్పు తింటాయి, బ్రేక్ వైర్లు కేసింగ్‌లో పట్టేసి లాగితే రావు. పైన రేకు, సైకిల్‌కి తాళం వేసుకోవడానికి నేలకి బిగించిన రాడ్డు, ఫ్యాబ్రికేషన్ వాళ్లు కాబట్టి మీకది ఒక్క రోజు పని, స్క్రాప్‌లోనే అయిపోద్ది. పక్కన ఒక గాలి పంపు, రెండు రకాల వాల్వులకీ పనికొచ్చేది తీసుకోండి, పాతరకం పెద్ద సైకిళ్ల వాల్వు వేరు, గేర్ల సైకిళ్లకి చాలావాటికి మోటార్ సైకిల్ లాంటి వాల్వు ఉంటుంది. ఒక డబ్బా చెయిన్ ఆయిలు, ఒక పాత గుడ్డ. వారానికోసారి గుడ్డతో చెయిను తుడిచి ఆయిలు చుక్కలు వేసి, పైకి కనిపించే జిడ్డు మళ్లీ తుడిచెయ్యాలి, జిడ్డు ఉంటే ఇసకా ఉప్పూ దానికే అంటుకుంటాయి. మీ షాపు ఫ్లోర్ మీద మెషిన్లని చూసుకునేవాళ్లకి ఇది నేర్పక్కర్లేదు.

మొదట అడిగినవాళ్లతోనే మొదలుపెట్టండి. అందరికీ అని ప్రకటించి అడగనివాళ్లకి అంటగట్టొద్దు. వాళ్లు రెండు మూడు నెలలు తొక్కితే మిగతావాళ్లు వాళ్లనే అడుగుతారు.

ప్రశ్న: నేను ఎంవీపీ కాలనీలో ఉంటాను, రుషికొండ ఐటీ హిల్ మీద ఆఫీసు. సైకిల్ మీద వెళ్లాలని ఉంది కానీ ఆ ఎక్కుడు, ఆ చెమట తల్చుకుంటే భయం. ఎలక్ట్రిక్ సైకిల్‌కి కూడా కంపెనీ అడ్వాన్స్ ఇస్తుందా? లైసెన్సు కావాలా? హెచ్ఆర్‌ని ఏమని అడగాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అయితే మోటారు 250 వాట్ల లోపు, స్పీడు గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉండే రకం తీసుకుంటేనే. షాపువాడు స్పీడు లాక్ తీసేస్తే నలభై వెళ్తుందండీ అంటే ఆ మాట వినకండి, అప్పుడది చట్టం ప్రకారం మోటారు వాహనం అయిపోతుంది, యాక్సిడెంట్ అయితే మీరే ఇరుక్కుంటారు.

దారి విషయానికొస్తే హనుమంతవాక, ఎండాడ మీదుగా హైవే వద్దు, ఎక్కుడూ ఎక్కువే, బస్సులూ లారీలూ ఎక్కువే. బీచ్ రోడ్డులో తెన్నేటి పార్కు, సాగర్‌నగర్ మీదుగా వెళ్లండి, అక్కడక్కడ ఎత్తు వస్తుంది గానీ ఊపిరి ఆడుతుంది. ఆఖరున హిల్ ఎక్కుడు మాత్రం తప్పదు, మోటారు ఉపయోగపడేది నిజానికి అక్కడే. ఇంకోటి, ఎండాకాలంలో నైరుతి గాలి తీరం వెంబడే వీస్తుంది, పొద్దున్న వెనకనుంచి తోసిన గాలే సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఎదురు కొడుతుంది, కాబట్టి బ్యాటరీ సగం పైన తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి.

అడ్వాన్స్‌కి అడ్డేం లేదు. ఎలక్ట్రిక్ సైకిల్ పాతిక ముప్ఫై వేల పైన ఉంటుంది కదా, వడ్డీ లేని అప్పుకి పైన చెప్పిన హద్దు దాకా కంపెనీ దగ్గర తీసుకుని మిగతాది మీరు పెట్టుకుంటే పన్ను ప్రశ్నే రాదు. హద్దు దాటి మొత్తం కంపెనీయే ఇచ్చినా కొంపలేం మునగవు, స్టేట్ బ్యాంకు వడ్డీ రేటు ప్రకారం ఎంత వడ్డీ అయ్యేదో అంత మాత్రమే మీ ఆదాయానికి కలుపుతారు, ఏడాదిలో తీర్చేసే ముప్ఫై వేలకి అది ఒకటిన్నర వేలు అటూ ఇటూ, దాని మీద పన్ను ఇంకా తక్కువ.

హెచ్ఆర్‌ని అడ్వాన్స్ కన్నా ముందు అడగాల్సింది స్నానాల గది. ఒక షవరు, రెండు కొక్కేలు, తడి బట్టలు ఆరడానికి ఒక తీగ. మన తేమలో చెమట ఆరదు, గేర్ల సైకిల్ కాదు ఎలక్ట్రిక్ సైకిల్ ఎక్కినా మే నెలలో చొక్కా తడుస్తుంది, మీటింగులో అలా కూర్చోవాలంటే ఎవరైనా మళ్లీ కారే తీస్తారు. కింది ఫ్లోర్లో ఎక్కడో డ్రైవర్ల కోసం, సెక్యూరిటీ కోసం కట్టిన బాత్‌రూమ్ ఉండే ఉంటుంది, దాన్ని బాగుచేయించమనండి, అది వాళ్లకీ మేలు. బ్యాటరీ ఛార్జింగు డెస్కు కింద పెట్టకుండా మనుషులు కనిపెట్టుకుని ఉండేచోట ఒక ప్లగ్గు అడగండి.

ప్రశ్న: మా ఆయన కాంట్రాక్టు కింద నైట్ డ్యూటీలు చేస్తారు. కంపెనీ సైకిల్ అడ్వాన్స్ ఇస్తామంటోంది, తీసుకుంటామంటున్నారు. దారిలో ఏమైనా అయితే మమ్మల్ని ఎవరు చూస్తారు? కంపెనీ సైకిల్ ఇచ్చింది కాబట్టి బాధ్యత వాళ్లదేనా?
– ఒక పాఠకురాలు, పెదగంట్యాడ

జవాబు: తల్లీ, మీ భయం అర్థమైంది, ముందు ఒక్కటి చూడండి, ఆయన జీతం స్లిప్పులో ఈఎస్ఐ కోత ఉందా? జీతం నెలకి 21,000 లోపు ఉండి కంపెనీ ఈఎస్ఐ కిందకి వస్తే ఉండాలి. ఈఎస్ఐ చట్టంలో 2010లో మార్పు తెచ్చారు, ఇంటి నుంచి డ్యూటీకి వెళ్తున్నప్పుడు, డ్యూటీ నుంచి ఇంటికి వస్తున్నప్పుడు జరిగిన ప్రమాదాన్ని కూడా, ఆ టైముకీ ఆ దారికీ పనికీ సంబంధం ఉందని తేలితే, పనిలో జరిగినట్టే చూస్తారు. నడిచి వెళ్లినా, బస్సులో వెళ్లినా, సైకిల్ మీద వెళ్లినా ఒకటే, సైకిల్ ఎవరు కొన్నారన్నదానితో పని లేదు.

ఈఎస్ఐ లేనివాళ్ల సంగతి కూడా చెప్తాను. ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ తెల్లారుజామున మూడు గంటల డ్యూటీకి బండి మీద వెళ్తూ దారిలో చనిపోతే, పరిహారం కోసం ఆ కుటుంబం కోర్టుల చుట్టూ తిరిగింది, 2025 జులైలో సుప్రీంకోర్టు వాళ్లకి అనుకూలంగా చెప్పింది. అంటే కంపెనీ కట్టాల్సిన నష్టపరిహారం విషయంలో కూడా దారిలో జరిగిన ప్రమాదం లెక్కలోకి వస్తుంది, అయితే పనికీ ఆ ప్రయాణానికీ సంబంధం చూపించాలి.

ఆ ఘటన జరిగింది 2003లో, తీర్పు వచ్చేసరికి ఇన్నేళ్లు. అందుకే కాగితాలు ముందే సరిగ్గా ఉండాలి. ఆయన రోజూ వెళ్లే దారి ఒకటే ఉండనివ్వండి, గేటులో హాజరు పడుతోందో లేదో చూసుకోమనండి, ఏదైనా జరిగితే ఆస్పత్రిలో 'డ్యూటీకి వెళ్తుండగా' అని రాయించండి, పోలీస్ స్టేషన్లో ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి. అడ్వాన్స్ ఇస్తున్న కంపెనీని గ్రూప్ యాక్సిడెంట్ పాలసీ ఉందా, కాంట్రాక్టువాళ్ల పేర్లు అందులో ఉన్నాయా అని ఆయన్ని గట్టిగా అడగమనండి, లేకపోతే నలుగురూ కలిసి అడగండి. అది దయ కాదు, అడగాల్సిన విషయమే.

రాత్రిళ్లు వెనక ఎర్ర లైటు లేకుండా మాత్రం పంపకండి. సింధియా, కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు లారీలు తిరిగే రోడ్లో డ్రైవరుకి చీకట్లో సైకిల్ కనిపించదు, చొక్కా మీద వేసుకునే మెరిసే జాకెట్టు కంపెనీలో ఉండేదే, ఇంటికి వచ్చేటప్పుడు విప్పేసి వస్తారు చాలామంది, వేసుకునే రమ్మనండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ సైకిల్‌కి అడ్వాన్స్ ఇవ్వొచ్చా? మా ఆఫీసులో కొత్తదానికే ఇస్తాం అంటున్నారు.
– ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: ఇవ్వొచ్చు, ఇవ్వకూడదని ఎక్కడా లేదు, వాళ్లకి కావాల్సింది బిల్లు అంతే. తెలిసిన సైకిల్ షాపులో కొంటే షాపువాడే బిల్లు రాస్తాడు, మనిషి దగ్గర కొంటే అమ్మినతని సంతకం, ఫ్రేమ్ నంబరు, వీలైతే పాత బిల్లుతో ఒక రసీదు రాయించుకోండి, నంబరు గీకేసి ఉంటే ఎంత చవకైనా తీసుకోకండి. చూసేటప్పుడు రంగు చూడొద్దు, సైకిల్ ఎత్తి చక్రం తిప్పి రిమ్ము వంకర పోతోందా, బ్రేక్ షూకి తగులుతోందా చూడండి, ఫ్రేమ్ అతుకుల దగ్గర గోరుతో గీసి చూడండి, పెయింటు పొరలు పొరలుగా ఊడితే లోపల తుప్పు పట్టినట్టే. టైర్లు, ట్యూబులు, చెయిను, బ్రేకులు మార్చడానికి అయ్యే ఖర్చు కూడా కలిపి అడ్వాన్స్ అడగండి, ఆఫీసువాళ్లకి చెప్పాల్సిన పాయింటు అదే, రిపేరు బిల్లుతో కలిపినా కొత్తదానికన్నా తక్కువే అవుతుంది, వాళ్ల డబ్బు కూడా తొందరగా వెనక్కొస్తుంది.